9600ఎక్స్ కొనాలా, 14600కే కొనాలా: గేమింగ్ పీసీకి ఓవర్‌క్లాక్ అయ్యే ప్రాసెసర్ ఎంచుకోవడం, ట్యూన్ చేస్కోవడం, మొత్తం వివరంగా

మిడ్ రేంజ్‌లో గేమింగ్ పీసీ బిల్డ్ చేస్కుందామని కూర్చున్నవాళ్లు నాలుగు వీడియోలు చూశాక వచ్చి ఆగేది దాదాపు ఈ రెండింటి దగ్గరే. ఒకటి ఇంటెల్ కోర్ ఐ5-14600కే, రెండోది ఏఎండీ రైజెన్ 5 9600ఎక్స్. రెండూ అన్‌లాక్డ్ చిప్‌లే, అంటే మల్టిప్లయర్ (చిప్ స్పీడ్‌ని నిర్ణయించే అంకె) మన చేతిలోనే ఉంటుంది, కావాలంటే పెంచి కంపెనీ ఇచ్చిన స్పీడ్ కంటే ఎక్కువలో నడపొచ్చు, దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఇంటెల్‌ది 2023 అక్టోబర్‌లో వచ్చింది, 6 పెర్ఫార్మెన్స్ కోర్లు, 8 ఎఫిషియెన్సీ కోర్లు, మొత్తం 20 థ్రెడ్లు, బూస్ట్ (అవసరమైనప్పుడు చిప్ తనంతట తనే వెళ్లే గరిష్ట స్పీడ్) 5.3 గిగాహెర్ట్జ్. ఏఎండీది 2024 ఆగస్టులో వచ్చింది, 6 కోర్లు 12 థ్రెడ్లు, బూస్ట్ 5.4. కాగితం మీద చూస్తే 14 కోర్లు ఎక్కడ 6 కోర్లు ఎక్కడ అనిపిస్తుంది గానీ, గేముల దగ్గరికొచ్చేసరికి యావరేజ్‌లో రెండూ దగ్గరదగ్గరగానే ఉంటాయి, ఒక గేమ్‌లో ఇది ముందుంటే ఇంకో గేమ్‌లో అది ముందుంటుంది. అందుకే "ఏది ఫాస్ట్ బ్రో" అని మొదలుపెడితే రాత్రంతా కొట్టుకున్నా తేలదు. మిగతా విషయాల మీదే తేల్చుకోవాలి, అవేంటో వరసగా చూద్దాం.

ముందుగా ఓవర్‌క్లాకింగ్ మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో

2011లో ఐ5-2500కే అని ఒకటి ఉండేది, బేస్ 3.3 గిగాహెర్ట్జ్, మామూలు ఎయిర్ కూలర్ పెట్టి 4.5కి లాగేసేవాళ్లు. అది నిజంగా ఫ్రీగా వచ్చిన స్పీడ్. ఇప్పుడు ఆ రోజులు లేవు, ఎందుకంటే కంపెనీలే ఫ్యాక్టరీలోనే చిప్‌ని దాదాపు చివరిదాకా పిండేసి పంపిస్తున్నాయి. 14600కే 5.3 దగ్గర ఉంటే మీరు కష్టపడి 5.5కి తీసుకెళ్లారనుకోండి, అది నాలుగు శాతం కూడా కాదు, గేమ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) పెరిగేది అంతకంటే తక్కువే.

మరి అన్‌లాక్డ్ చిప్ ఎందుకు అంటారా? ఇప్పుడు ఓవర్‌క్లాకింగ్ అంటే అసలు పని వోల్టేజ్ తగ్గించడం, ర్యామ్‌ని సరిగ్గా సెట్ చేయడం. వోల్టేజ్ తగ్గితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే చిప్ తనంతట తనే బూస్ట్‌ని ఎక్కువసేపు పట్టుకుంటుంది. ఈ ఒక్క మాట బుర్రలో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ ఈజీగా అర్థమవుతాయి.

స్టెప్ 1: మీ దగ్గర అడ్డం పడుతున్నది ప్రాసెసరేనా

ఇది చూడకుండా షాప్‌కి వెళ్లకండి. ఇప్పుడున్న పీసీలో మీరు రోజూ ఆడే గేమ్ తెరిచి, ఒకే సీన్‌లో నిలబడి, ఎఫ్‌పీఎస్ ఎంతుందో చూడండి. తర్వాత సెట్టింగ్స్‌లోకెళ్లి రిజల్యూషన్‌ని 1080పీ నుంచి 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే ఇన్నాళ్లూ ఆపింది గ్రాఫిక్స్ కార్డ్. దించినా నంబర్ కదలకపోతే ప్రాసెసర్ దగ్గరే ఆగుతోందన్నమాట. ముందు ఫ్రేమ్ లిమిట్, వీ-సింక్ (ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ స్పీడ్‌కి కట్టేసే సెట్టింగ్) ఆఫ్ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే రెండుసార్లూ 60 చూపించి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

వాలరెంట్, సీఎస్2 లాంటివి 240 హెర్ట్జ్ మానిటర్ మీద ఆడేవాళ్లకి ప్రాసెసర్ చాలా ముఖ్యం. అదే 1440పీలో మిడ్ రేంజ్ కార్డ్‌తో సైబర్‌పంక్ 2077 లాంటివి ఆడేవాళ్లకి ఈ రెండు ప్రాసెసర్ల మధ్య తేడా కంటికి కనపడదు. అలాంటివాళ్లు ఈ గొడవంతా పక్కనపెట్టి ఇంకా చవకలో రైజెన్ 5 7600 లాంటిది తీసుకుని, మిగిలిన డబ్బు కార్డ్ మీద పెట్టడమే తెలివైన పని. నన్నడిగితే సగంమంది ఇక్కడే ఆగిపోవాలి.

స్టెప్ 2: ప్రాసెసర్ రేటు కాదు, బిల్లు మొత్తం చూడండి

హైదరాబాద్ వాళ్లయితే సికింద్రాబాద్ సీటీసీలో రెండు మూడు షాపులు తిరిగి ఒక కాగితం మీద రెండు కొటేషన్లు రాయించుకోండి, ఊళ్లో ఉన్నవాళ్లు ఆన్‌లైన్ కార్ట్‌లో రెండు బిల్డులు విడివిడిగా వేసి చూస్కోండి. ప్రాసెసర్, బోర్డ్ (మదర్‌బోర్డ్), ర్యామ్, కూలర్, ఈ నాలుగూ కలిపి ఎంతవుతుందో అదే అసలు లెక్క. రెండింటి బాక్సుల్లోనూ కూలర్ రాదు, అది వేరే కొనాల్సిందే.

ర్యామ్ దగ్గర పెద్ద మెలిక ఉంది. 9600ఎక్స్ కూర్చునే ఏఎం5 సాకెట్ డీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది. 14600కే కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి, ఒక బోర్డులో ఏదో ఒకటే. మామూలుగా అయితే కొత్త బిల్డుకి డీడీఆర్4 వద్దని చెప్పేవాణ్ణి గానీ, 2025 చివర్నుంచి డీడీఆర్5 రేట్లు అమాంతం పెరిగాయి కదా, పాత పీసీలో మంచి 32 జీబీ డీడీఆర్4 3600 కిట్ ఉన్నవాళ్లకి అది ఇప్పుడు బంగారమే. దాన్ని పెట్టుకుని 14600కే మీదకి వెళ్తే బిల్లు బాగా తగ్గుతుంది, గేముల్లో కొంచెం పర్ఫార్మెన్స్ పోతుంది, అయినా సరే గిట్టుబాటవుతుంది.

రెండోది, రేపటి సంగతి. ఎల్‌జీఏ 1700 అయిపోయింది, ఇంటెల్ 2024 అక్టోబర్‌లోనే కొత్త సాకెట్‌కి వెళ్లిపోయింది, కాబట్టి 14600కే బోర్డులో ఇక పైకి వెళ్లాలంటే అదే తరం ఐ7, ఐ9 తప్ప దారి లేదు. ఏఎం5ని 2027 దాకా నడిపిస్తామని ఏఎండీ చెప్పింది. మాటలు ఎవరైనా చెప్తారు గానీ వీళ్లకి పాత రికార్డ్ ఉంది, 2017 నాటి ఏఎం4 బోర్డుల్లో చాలావాటిలో బయోస్ (బోర్డ్‌లో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కొట్టి 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ అనే గేమింగ్ చిప్ వేసుకుని ఇప్పటికీ ఆడుకుంటున్నవాళ్లున్నారు. రెండు మూడేళ్ల తర్వాత బోర్డ్ మార్చకుండా 9800ఎక్స్3డీ లాంటిది సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి పెట్టుకునే అవకాశం ఉందంటే, నా దృష్టిలో అది ఇప్పటి నాలుగు ఎఫ్‌పీఎస్‌ల కంటే ఎక్కువ విలువైంది.

స్టెప్ 3: బోర్డ్ దగ్గర మోసపోవద్దు

ఇంటెల్‌లో కోర్ల స్పీడ్ పెంచాలంటే ప్రాసెసర్ పేరు చివర కే ఉంటే చాలదు, బోర్డ్ కూడా జెడ్690 గానీ జెడ్790 గానీ అయ్యుండాలి. బీ760లో ర్యామ్ స్పీడ్ పెంచుకోవచ్చు గానీ మల్టిప్లయర్ కదలదు. చాలామంది కే చిప్ కొని, డబ్బులు సరిపోక బీ760 బోర్డ్ వేయించుకుని, ఇంటికొచ్చాక బయోస్‌లో ఆ ఆప్షన్ ఎక్కడుందా అని వెతుక్కుంటారు. ఇంకోటి, పేరు చివర కేఎఫ్ అని ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. రేటు తగ్గుతుంది నిజమే గానీ, కార్డ్ సర్వీస్‌కి వెళ్లిన రోజు పీసీకి డిస్‌ప్లేనే ఉండదు.

ఏఎండీలో బీ650, బీ850 రెండూ ఓవర్‌క్లాకింగ్‌కి పనికొస్తాయి, ఖరీదైన ఎక్స్ సిరీస్ బోర్డ్ అక్కర్లేదు, ఇక్కడే బిల్లులో బాగా మిగులుతుంది. కానీ ఏ620 వద్దు, దాంట్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు. దానికంటే డేంజర్ బీ840. పేరు చూస్తే బీ850కి తమ్ముడిలా ఉంటుంది గానీ లోపల ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ కట్. బిల్లు మీద ఆ ఒక్క అంకె సరిగ్గా చూస్కోండి.

పాత స్టాక్ బీ650 బోర్డ్ అయితే 9600ఎక్స్‌ని గుర్తుపట్టాలంటే ముందు కొత్త బయోస్ వేయాలి. బోర్డ్ వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న మోడలే తీసుకోండి, ప్రాసెసర్ లేకుండానే ఫ్యాట్32 చేసిన పెన్‌డ్రైవ్ పెట్టి అప్‌డేట్ చేయొచ్చు. షాప్‌లోనే చేయించుకుంటే ఇంకా హాయి. ఇంట్లో చేసేటప్పుడు మాత్రం యూపీఎస్ మీద పెట్టి చేయండి, మధ్యలో కరెంట్ పోతే బోర్డ్ ఆన్ అవ్వకుండా పోవచ్చు, మన ఏరియాల్లో సాయంత్రం గాలీ వానా వస్తే ముందు పోయేది కరెంటే కదా.

స్టెప్ 4: మే నెలని లెక్కలో పెట్టుకోండి

విదేశీ రివ్యూలన్నీ ఏసీ రూముల్లో టెస్ట్ చేసినవి. కూలర్ చేసే పని ఒక్కటే, చిప్ వేడిని రూమ్ గాలిలోకి వదలడం, రూమ్ కంటే చల్లగా మాత్రం చేయలేదు. 23 డిగ్రీల రూమ్‌లో 78 చూపించిన చిప్, బెజవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో, లోపల 38 ఉన్నప్పుడు 93 దగ్గరికి పోతుంది. కేస్ లోపల గ్రాఫిక్స్ కార్డ్ వదిలే వేడి దీనికి అదనం.

14600కే మ్యాగ్జిమమ్ టర్బో పవర్ 181 వాట్లు. 9600ఎక్స్ మామూలు సెట్టింగ్‌లో 88 వాట్ల దగ్గర ఆగుతుంది. గేమ్‌లో రెండూ అంత లాగవు గానీ అక్కడ కూడా ఇంటెల్‌ది ఎక్కువే, ఇక రెండరింగ్ పెట్టారంటే తేడా దగ్గరదగ్గర రెట్టింపు. 9600ఎక్స్‌కి మామూలు సింగిల్ టవర్ ఎయిర్ కూలర్ సరిపోతుంది. 14600కేకి మంచి డ్యూయల్ టవర్ ఎయిర్ కూలర్ గానీ 240 ఎంఎం లిక్విడ్ కూలర్ గానీ కావాలి, ఆ ఖర్చు కూడా స్టెప్ 2 కాగితంలో రాయండి. ఏసీ లేని గదిలో ఆడేవాళ్లకి నా సలహా సూటిగా 9600ఎక్స్, దీంట్లో రెండో మాట లేదు.

స్టెప్ 5: ఇంటెల్ వోల్టేజ్ గొడవ తెలుసుకునే దిగండి

ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని వాడగా వాడగా గేములు క్రాష్ అవ్వడం మొదలుపెట్టాయి, చిప్ అవసరానికి మించి వోల్టేజ్ అడగడం దీనికి పెద్ద కారణమని 2024లో ఇంటెలే ఒప్పుకుంది. 14600కే కూడా ఆ లిస్టులో ఉంది, గొడవ ఎక్కువగా వినపడింది మాత్రం ఐ9, ఐ7ల నుంచి. 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (బయోస్ అప్‌డేట్‌తో వచ్చే చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చారు, అది 1.55 వోల్టులు దాటి అడగకుండా ఆపుతుంది, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బి, 2025లో 0ఎక్స్12ఎఫ్ వచ్చాయి. బాక్స్‌లో అమ్మిన చిప్‌లకి వారంటీ ఇంకో రెండేళ్లు పెంచి మొత్తం ఐదేళ్లు చేశారు. ఒకసారి దెబ్బతిన్న చిప్‌ని మాత్రం ఏ అప్‌డేటూ బాగుచేయలేదు.

దీన్నుంచి మనం తీసుకోవాల్సింది రెండు. కొత్త చిప్ కొని మొదటి రోజే బయోస్ అప్‌డేట్ చేసి వాడితే పెద్దగా భయపడక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌లో 13600కే, 14600కే చవగ్గా దొరుకుతున్నాయని ఎగబడొద్దు, వాళ్లు పాత బయోస్ మీద ఎన్నాళ్లు తోలారో మనకి తెలీదు. బిల్లు, వారంటీ లేకుండా ముట్టుకోవద్దు.

ఏఎండీ వాళ్లు మాత్రం శుద్ధపూసలు అనుకోకండి. 2023లో కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజ్ (చిప్‌లో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకి వెళ్లేది) ఎక్కువ ఇచ్చి 7800ఎక్స్3డీలు కాలిపోయాయి, తర్వాత దాన్ని 1.3 వోల్టులకి కట్టేశారు. అక్కడైనా ఇక్కడైనా బయోస్ అప్‌డేట్ తప్పదు.

స్టెప్ 6: ఇక తేల్చేద్దాం

కేవలం గేములు, కొత్తగా అన్నీ కొంటున్నారు, ముందుముందు అప్‌గ్రేడ్ చేస్తారు, గదిలో వేడి ఎక్కువ, వీటిల్లో రెండు మీకు వర్తించినా 9600ఎక్స్. పాత డీడీఆర్4 చేతిలో ఉంది, లేదా గేమ్స్‌తోపాటు వీడియో ఎడిటింగ్, బ్లెండర్, కోడ్ కంపైలింగ్ రోజువారీ పని, అప్పుడు 14600కే. రెండరింగ్ స్పీడ్ కొలిచే సినీబెంచ్ ఆర్23 టెస్ట్‌లో ఇది దగ్గరదగ్గర 24 వేలు కొడితే 9600ఎక్స్ 17 వేల దగ్గర ఆగుతుంది, ఆ ఎఫిషియెన్సీ కోర్లు ఊరికే పెట్టలేదు. యూట్యూబ్ ఛానల్ నడుపుతూ ఎడిటింగ్ కూడా అదే పీసీలో చేస్కునేవాళ్లకి ఆ తేడా రోజూ తెలుస్తుంది. స్ట్రీమింగ్ ఒక్కటే అయితే దీనికోసం మారక్కర్లేదు, ఆ ఎన్‌కోడింగ్ పని ఇప్పటి గ్రాఫిక్స్ కార్డులే చేసేస్తాయి.

ఇంకో మాట, బడ్జెట్ ఇంకొంచెం సాగితే, ఓవర్‌క్లాకింగ్ సరదా లేకపోతే, 7800ఎక్స్3డీ చూడండి. మల్టిప్లయర్ లాక్ అయి ఉంటుంది, క్లాక్ స్పీడ్ కూడా తక్కువే, అయినా 96 ఎంబీ క్యాష్ (చిప్ లోపలుండే వేగమైన మెమరీ) వల్ల గేముల్లో ఈ రెండింటినీ దాటేస్తుంది. అమెరికాలో ఉండే మనవాళ్లకయితే మైక్రో సెంటర్‌లో 7600ఎక్స్3డీ అని చవకది కూడా దొరికింది, ఇక్కడికి ఎవరి చేతైనా తెప్పించుకునే ముందు వారంటీ సంగతి కనుక్కోండి.

స్టెప్ 7: 9600ఎక్స్ తెచ్చుకుంటే ట్యూనింగ్ ఇలా

బయోస్ అప్‌డేట్ అయ్యాక మొదటి పని ర్యామ్. ఎక్స్‌పో ప్రొఫైల్ (ర్యామ్‌ని దాని మీద రాసున్న స్పీడ్‌లో నడిపే రెడీమేడ్ సెట్టింగ్) ఆన్ చేయండి. డీడీఆర్5 6000 సీఎల్30 కిట్, రెండు స్టిక్కులు, ఏఎం5కి ఇదే సరిగ్గా కుదురుతుంది, నాలుగు స్టిక్కులు పెడితే స్పీడ్ పడిపోతుంది కాబట్టి వద్దు. ఆన్ చేసి రీస్టార్ట్ కొట్టగానే స్క్రీన్ నల్లగా అయిపోయి కొన్ని నిమిషాలు ఏమీ రాదు, ఫ్యాన్లు మాత్రం తిరుగుతుంటాయి. పోయింది రా బాబూ అని స్విచ్ తీసేయకండి, అది మెమరీ ట్రెయినింగ్ చేస్కుంటోంది. టీ తాగి రండి.

తర్వాత ప్రిసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ (పీబీఓ)లో అడ్వాన్స్‌డ్ పెట్టి, కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆల్ కోర్, నెగెటివ్, 15 ఇవ్వండి. ఒక్కో అంకెకి వోల్టేజ్ సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతుంది. స్టేబుల్‌గా ఉంటే 20కి, తర్వాత 25కి వెళ్లండి. 30 పెట్టి గొప్పగా స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లని చూసి నేరుగా అక్కడికి దూకొద్దు, ఏ చిప్ తీరు దానిదే. థర్మల్ లిమిట్ 85 పెట్టుకోండి, వదిలేస్తే 95 దాకా పోతుంది, వేసవిలో ఫ్యాన్ల గోల భరించలేరు. ఇవి కుదిరాక బూస్ట్ క్లాక్ ఓవర్‌రైడ్‌లో ప్లస్ 100, తర్వాత ప్లస్ 200 ట్రై చేయొచ్చు.

ఇవేవీ వద్దు, వారంటీ కావాలి అనుకుంటే, బయోస్‌లో 105 వాట్ల మోడ్ ఉంటుంది, 2024 సెప్టెంబర్ అప్‌డేట్‌తో వచ్చింది. అది ఆన్ చేస్తే వారంటీ పోదు. రెండరింగ్‌లో కొంచెం లాభం, గేముల్లో పెద్దగా ఏమీ ఉండదు. పీబీఓ, ఎక్స్‌పోలు మాత్రం రూల్స్ ప్రకారం ఓవర్‌క్లాకింగ్ కిందకే వస్తాయి.

స్టెప్ 8: 14600కే తెచ్చుకుంటే

మొదట ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ప్రొఫైల్ ఎంచుకోండి. కొన్ని బోర్డులు బాక్స్‌లోంచి తీసినప్పుడే పవర్ లిమిట్లు ఎత్తేసి ఉంటాయి, వాటిని అలా వదిలేయొద్దు, రెండు లిమిట్లూ 181 పెట్టండి. ఎక్స్‌ఎంపీ (ఎక్స్‌పో లాంటిదే, ఇంటెల్‌ది) ఆన్ చేసి, ఏమీ మార్చకుండా సినీబెంచ్ ఒకసారి నడిపి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఫ్రీ టూల్‌లో వోల్టేజ్, వాట్లు, టెంపరేచర్, స్కోర్ నాలుగూ రాసుకోండి. ఇవి లేకుండా తర్వాత మీరు మంచి చేశారో చెడ్డ చేశారో తెలీదు.

ఇప్పుడు వోల్టేజ్‌ని అడాప్టివ్‌లో ఉంచి ఆఫ్‌సెట్ మైనస్ 0.050 ఇవ్వండి. మళ్లీ సినీబెంచ్. ఇక్కడ చాలాసార్లు ఒక తమాషా జరుగుతుంది, వోల్టేజ్ తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, క్లాక్ 5.3 అనే చూపిస్తుంది, కానీ స్కోర్ పడిపోతుంది. చాలామంది వేడి తగ్గిందని సంబరపడి అక్కడే వదిలేస్తారు. అది సీఈపీ అనే ప్రొటెక్షన్ పని, వోల్టేజ్ తక్కువైందని లోపల క్లాక్‌ని సాగదీస్తుంది, బయటికి కనపడనివ్వదు. జెడ్ బోర్డుల్లో దాన్ని ఆఫ్ చేయొచ్చు, చేశాక స్కోర్ మొదటి నంబర్‌కి తిరిగొచ్చిందా లేదా చూస్కోవాలి. అది ఓకే అయ్యాక మైనస్ 0.010 చొప్పున ఇంకా దిగండి.

స్పీడ్ కావాలంటే ఆ తర్వాతే. మల్టిప్లయర్ పెర్ఫార్మెన్స్ కోర్లకి 54 (అంటే 5.4 గిగాహెర్ట్జ్), కుదిరితే 55, ఎఫిషియెన్సీ కోర్లకి 40 నుంచి 42కి. ఒకసారికి ఒక్కటే మార్చండి. 55 కోసం వోల్టేజ్ బాగా పెంచాల్సి వస్తే వెనక్కి వచ్చేయండి, స్టెప్ 5లో చెప్పింది చదివాక కూడా వోల్టేజ్ పోసేవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు.

స్టెప్ 9: నిజంగా స్టేబులేనా

సినీబెంచ్ పాసైతే స్టేబుల్ అని కాదు. ముఖ్యంగా ఏఎండీలో నెగెటివ్ కర్వ్ ఎక్కువైతే ఫుల్ లోడ్‌లో రాయిలా ఉంటుంది, ఏమీ చేయకుండా బ్రౌజర్ తెరిచి కూర్చున్నప్పుడు ఠక్కున రీస్టార్ట్ అవుతుంది. ఎందుకంటే పని తక్కువున్నప్పుడే ఒక్కో కోర్ అన్నిటికంటే ఎక్కువ స్పీడ్‌కి ఎగురుతుంది, అప్పుడే వోల్టేజ్ చాలదు. అందుకే కోర్‌సైక్లర్ అనే ఫ్రీ టూల్‌తో ఒక్కో కోర్‌ని విడిగా రాత్రంతా తిప్పండి. ర్యామ్‌కి మెమ్‌టెస్ట్86. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వియా-లాగర్ (WHEA-Logger) పేరుతో ఎర్రర్లు కనపడితే, పీసీ క్రాష్ కాకపోయినా సరే, సెట్టింగ్ ఒక మెట్టు వెనక్కి తీసుకోండి. గేమ్ ఆడుతుంటే "వీడియో మెమరీ సరిపోలేదు" అని విచిత్రమైన ఎర్రర్ వస్తే కార్డ్‌ని తిట్టకండి, ఇంటెల్ 13, 14 తరాల్లో ఆ ఎర్రర్‌కి కారణం చాలాసార్లు ప్రాసెసరే.

ఈ టెస్టులు చలికాలంలో చేసుంటే ఏప్రిల్ చివర్లో ఒకసారి మళ్లీ చేయండి, జనవరిలో నిలబడిన సెట్టింగ్ ఎండాకాలం మధ్యాహ్నం నిలబడకపోవచ్చు. చివరికి కుదిరిన నంబర్లని బయోస్ ప్రొఫైల్‌గా సేవ్ చేస్కోండి, దాంతోపాటు ఫోన్‌లో ఆ పేజీలన్నిటికీ ఫొటోలు తీసి పెట్టుకోండి. బయోస్ అప్‌డేట్ కొట్టిన ప్రతిసారీ సెట్టింగ్స్ అన్నీ చెరిగిపోతాయి, పాత ప్రొఫైల్ కొత్త బయోస్‌లో తెరుచుకోకపోవచ్చు కూడా.